అమ్మలో పెట్టిన నిశ్శబ్దం

ఆగిపోవడం వేరు, ఊరుకోవడం వేరు అనుకుంటూ ఆమె మెట్లెక్కుతోంది. ఆగిపోయినదాంట్లో ఎక్కడో ఒక తీగ తెగి ఉంటుంది, పట్టుకుని ఇదిగో అని చూపించవచ్చు. ఊరుకున్నదాంట్లో ఏదీ తెగదు, అన్నీ సరిగ్గా పనిచేస్తూనే ఉంటాయి. సరిగ్గా పనిచేస్తూ ఊరుకుంటుంది. అందుకే దాని గురించి తలుచుకుంటే ఇంత ఒళ్ళుమంట. లిఫ్ట్ ఉండగా మెట్లెక్కడం కూడా ఆ మంటతోనే. లిఫ్ట్‌లో ఎవరో ఒకరు ఉంటారు, ఉన్నవాళ్ళు తలుపు వైపు చూస్తూ నిలబడతారు, నిన్నటి నుంచి ఈ ఆఫీసులో అందరూ ఏదో ఒక తలుపు వైపే చూస్తున్నారు.

ఆసుపత్రి మంచం మీది పెద్దాయన ఇంకా కళ్ళు తెరవలేదని పొద్దున ఫోన్ వచ్చింది. ఒకప్పుడు బస్సు నడిపినవాడట. ఊపిరి అందక ఒళ్ళు నీలం తిరుగుతున్నప్పుడు మంచం పక్కనున్న అలారం పెట్టె అరిచింది. అరవాల్సినంత గట్టిగానే అరిచింది. పక్క గదిలో ఇంకో రోగికి సూది గుచ్చుతున్న నర్సు విన్నది కూడా. ఇది కాగానే వెళ్దామనుకుంది. ఇంతలో మోత ఆగింది. ఎవరో వెళ్ళారు కాబోలు అనుకుంది. ఎవరూ వెళ్ళలేదు. పెట్టె తనంతట తను ఊరుకుంది.

నిన్న ఆ పెద్దాయన కూతురు ఇక్కడికి వచ్చింది. ఆ పెట్టెలో ప్రోగ్రామ్ రాసింది ఎవరని అడిగింది. ఎవరూ నోరు విప్పలేదు గాని తలలన్నీ ఒకే వైపు తిరిగాయి, కిటికీ పక్క కుర్చీ వైపు, అందులో కూర్చున్న సన్నటి అమ్మాయి వైపు. బక్కగా ఉండి, ఒక్కచోట నిలవక, గబగబా మాట్లాడుతుందని అందరూ ఆ అమ్మాయిని పిచ్చుక అంటారు. నిన్న పిచ్చుక మాట్లాడలేదు. తిరిగిన తలల్లో తన తల ఉందో లేదో మెట్లెక్కుతున్న ఆమెకు గుర్తులేదు. గుర్తులేకపోవడమే అనుమానంగా ఉంది.

రెండో అంతస్తు మలుపులో, చీపుర్లు పెట్టే అలమార పక్కన, పిచ్చుక మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమెను చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"ఇక్కడేం చేస్తున్నావు?"

"ఇంటికి పొమ్మన్నారు మేడమ్. సారే చెప్పారు. ఆఫీసు కార్డు కింద గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళమన్నారు."

"ఇచ్చావా?"

"పోయిందని చెప్పాను." పిచ్చుక పాదం ముందుకు చాచి చూపించింది. సాక్సులో కార్డు అంచు కనిపిస్తోంది. "కార్డిచ్చేస్తే ఇక లోపలికి రానివ్వరు కదా. నాకొక్క సంగతి తెలియకుండా నేను వెళ్ళను."

"ఏమిటది?"

"నేను రాసిందంతా మళ్ళీ చదివాను మేడమ్. మొదటి నుంచి చివరిదాకా, నోటితో పైకి చదివాను. ఊరుకోమన్న లైను నా క్లాసులో లేదు. లేని లైను నా తప్పెలా అయింది?"

ఆమె రెయిలింగ్ పట్టుకుంది. ఇనుము చల్లగా ఉంది. "నువ్వు రాయలేదు. నీకు వచ్చింది."

"ఎక్కణ్ణుంచి?"

"అమ్మలోంచి."

ఈ ఆఫీసులో అమ్మ అంటే మనిషి కాదు. కంపెనీ పెట్టిన కొత్తలో ఆమె స్వయంగా రాసిన మొట్టమొదటి క్లాస్, విడిగా ఒక పేరుతో రాసిపెట్టే ప్రోగ్రామ్ ముక్క. అలారం అన్నది ఏదైనా చేయాల్సిన పనులు, కొలత చూస్తూ ఉండడం, హద్దు దాటితే మోగడం, మనిషి వచ్చి మీట నొక్కితే ఆగడం, అన్నీ అందులో ఒక్కసారి రాసి పెట్టింది. తర్వాత వచ్చిన క్లాసులన్నీ దానికి పిల్లలు. కోల్డ్ స్టోరేజీ అలారం, లిఫ్ట్ అలారం, ఆసుపత్రి మంచం అలారం, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని వెచ్చగా ఉంచే పెట్టె అలారం. పిల్లలో కొత్తగా రాయాల్సింది కాసింతే. మిగతాదంతా తల్లి నుంచి రాయకుండానే వస్తుంది. రాయకుండా రావడంలోనే అందం ఉందని ఆ రోజుల్లో ఆమె మురిసిపోయింది. ఒకే పనిని పది చోట్ల రాయడం అసహ్యమని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్పేది.

అది పోను పోను అలవాటైంది. ఏ పనైనా రెండు చోట్ల కావలసి వస్తే చాలు, ఎవరో ఒకరు "అమ్మలో పెట్టేయ్" అనేవాళ్ళు. గొడుగు ఎక్కడ పెట్టాలని ఎవరైనా అడిగినా అదే జవాబు, అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ లావెక్కింది. గోదాముల కోసం ఎప్పుడో పెట్టిన రసీదు అచ్చువేసే పని, ఎందుకో తెలియకుండానే, బిడ్డల పెట్టెకు కూడా వచ్చి చేరింది. దానితో ఎవరికీ నష్టం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"నేను అడగలేదే!" అంది పిచ్చుక.

"అడగక్కర్లేదు. పిల్ల క్లాసయితే వచ్చేస్తుంది."

"వద్దనుకుంటే?"

"వద్దని నీ క్లాసులో రాయాలి."

"ఉందని తెలిస్తే కదా మేడమ్ వద్దనడానికి!" ఆ గొంతు మెట్ల మీద కింద దాకా దొర్లుకుంటూ పోయింది. కింద ఎవరిదో అడుగుల చప్పుడు ఆగి, మళ్ళీ సాగింది. పిచ్చుక గొంతు తగ్గించింది. "మా అమ్మ రాత్రి అడిగింది. నిజంగా నువ్వేనా అని. నువ్వు కాదు కదా అని అడగొచ్చు కదా మేడమ్? నిజంగా నువ్వేనా అంది."

ఆమె చెయ్యి అందించింది. "పద, పైకి రా నాతో."

"వద్దు. ఆయన్ని చూస్తే నాకు ఏడుపొస్తుంది. నేను ఏడిస్తే తప్పు నాదేనని ఖాయం చేసేస్తారు. మీరు వెళ్ళండి. నేనిక్కడే ఉంటాను."

ఆమె మిగతా మెట్లు ఎక్కింది. ఎక్కుతూ ఉండగా, తనకు వచ్చే కోపం ఎప్పుడూ మోకాళ్ళలోకి దిగిపోయి అక్కడ నీరుగారిపోతుందనీ, ఈవేళ మాత్రం దిగడం లేదనీ గమనించింది. అది మెడ దగ్గర, చెవుల వెనక, ఎవరో వేడి గుడ్డ వేసినట్టు కూర్చుని ఉంది. అది అక్కడే ఉంటే బాగుండుననుకుంది. దాన్ని ఒలకకుండా మోసుకుపోతున్నట్టు జాగ్రత్తగా నడిచింది.

కంపెనీ యజమాని ఆమెకు బావగారు, అక్క భర్త. కన్నతల్లి పోయాక ఆమె చదువంతా ఆ ఇంట్లోనే సాగింది. ఇప్పటికీ అక్క రోజూ రెండు భోజనం డబ్బాలు సర్ది పంపుతుంది, రెండూ ఆయనే మోసుకొస్తాడు. గాజు గదిలో ఆయన బల్ల మీద ఆమె డబ్బా, నీలం మూతది, తెరవకుండా ఉంది. ఆయనది తెరిచి ఉంది. ఫోర్కుతో కీరదోస ముక్క గుచ్చుతున్నాడు.

"రా, మరదలు పిల్లా. ముందు తిను. మీ అక్క మళ్ళీ నన్ను తిడుతుంది."

"ఆ అమ్మాయిని ఇంటికి పొమ్మన్నారట."

"పొమ్మనడం ఏమిటి, నాలుగు రోజులు రెస్ట్ తీసుకోమన్నాను. చిన్నపిల్ల, బెదిరిపోయి ఉంది."

"కార్డు ఇచ్చేసి తీసుకునే రెస్టా?"

ఆయన నమిలాడు. నమలడం పూర్తయ్యేదాకా మాట్లాడకపోవడం ఆయన మర్యాదల్లో ఒకటి. ఎదుటివాళ్ళ కోపం చల్లారడానికి ఆ కాస్త వ్యవధి సరిపోతుందని ఆయనకు తెలుసేమో అని ఇన్నేళ్ళకు మొదటిసారి ఆమెకు అనుమానం వచ్చింది.

"కూర్చో. కాసేపట్లో ఆసుపత్రి వాళ్ళు ఫోన్లోకి వస్తారు. వాళ్ళ ఇంజనీరు కూడా ఉంటాడు. నువ్వు ఒక్క వాక్యం చెబితే చాలు. పొరపాటు మంచం క్లాసులో జరిగింది, సరిచేశాం. నువ్వు చెబితే వాళ్ళకి గురి."

"పొరపాటు మంచం క్లాసులో లేదు."

"ఉంది. ఊరుకునే పని వద్దని అందులో రాయాలా వద్దా? రాయలేదు. రాయకపోవడం పొరపాటు కాదా?"

"అది అమ్మలో ఉందని ఆ పిల్లకెవరు చెప్పారు?"

"అమ్మని చదువుకోవాలి మరి. అమ్మ ఏం ఇస్తోందో చూసుకోని పిల్లలు ఎందుకూ?" తన మాటకు తనే కాస్త నవ్వాడు.

"బావగారూ, ఆ పిల్ల మంచం క్లాస్ రాసిన నాటికి అమ్మలో అలాంటిది లేదు. అప్పుడు చదివింది, నా పక్కన కూర్చుని చదివింది. తర్వాత ఎవరో అమ్మని మార్చారు. మంచం క్లాసులో ఒక్క అక్షరం మారలేదు, అయినా మంచం మారిపోయింది. ఆ పిల్ల ఏం చూసుకోవాలి? రోజూ పొద్దున్నే లేచి అమ్మ నిన్నటిలాగే ఉందా లేదా అని చూసుకోవాలా?"

"ఎవరో కాదు, నేనే పెట్టించాను."

అంత తేలిగ్గా అన్నాడు. ఆమె ఆ మాటను ఆయన నోటి నుంచి లాగాలని వచ్చింది, ఆయన ఉప్పు అందించినట్టు అందించాడు.

"కోల్డ్ స్టోరేజీ వాళ్ళు నా నెత్తినెక్కి కూర్చున్నారు. ఎవడో తలుపు సరిగ్గా మూయకుండా పోతే తెల్లవార్లూ మోగుతోందట. వాచ్‌మన్ విసుగెత్తి వైరే పీకేస్తున్నాడట. కాసేపు మోగి, ఎవరూ రాకపోతే దానంతటదే ఊరుకునేలా చేయండన్నారు. ఆ వెంటనే లిఫ్టుల వాళ్ళూ అదే అడిగారు. రెండు చోట్లయింది. అమ్మలో పెట్టేయమన్నాను. ఇందులో తప్పేముంది? ఒకే పని రెండు చోట్ల రాయకూడదని మాకందరికీ నూరిపోసింది నువ్వేగా?"

ఆమె గోడ మీది బోర్డు వైపు చూసింది. నిజమే, నూరిపోసింది తనే. కానీ ఆ తర్వాత ఇదే గదిలో, ఇదే బోర్డు మీద బొమ్మ గీసి, ఇక అమ్మలో ఏదీ పెట్టొద్దని చెప్పింది కూడా తనే. పంచుకోవాల్సిన పని ఏదైనా ఉంటే దాన్ని విడిగా, చిన్న ముక్కగా రాసి ఉంచుదాం, ఏ క్లాసుకు కావాలో ఆ క్లాసు దాని పేరు చెప్పి తెచ్చుకుంటుంది, పేరు చెప్పనివాళ్ళ జోలికి అది పోదు అని చెప్పింది. అప్పుడూ ఆయన ఏదో నములుతూనే విన్నాడు. బాగుంది, తీరిక దొరికినప్పుడు చేద్దాం అన్నాడు. ఆమె ఇంకోసారి చెప్పింది. ఇంకోసారి. తర్వాత ఊరుకుంది.

ఊరుకోవడం తనకు ఎక్కడిది? చిన్నప్పుడు వెనక గదిలో పడుకోబెడితే భయమేసి ఏడ్చేది. ముందు గదిలో అమ్మ కుట్టుమిషన్ తొక్కుతూ, "అదే ఊరుకుంటుందిలే" అనేది అక్కతో. నిజంగానే కాసేపటికి ఏడుపు ఆగేది. "చూశావా" అనేది అమ్మ. అమ్మ చెడ్డది కాదు, కుట్టాల్సినవి చాలా ఉండేవి. కానీ ఏడుపు ఆగిన తర్వాత ఆ చీకట్లో ఏం ఉండేదో అమ్మకెప్పుడూ తెలియలేదు. అదిప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. భయం తగ్గేది కాదు. ఎవరూ రారని తెలిసేది, అంతే.

"సరే" అంది ఆమె, కుర్చీ లాక్కోకుండా నిలబడే. "మంచం క్లాసులో వద్దని రాస్తాం. మిగతావాళ్ళ సంగతేమిటి?"

"మిగతావాళ్ళెవరు?"

"అమ్మకి ఉన్న పిల్లలందరూ. పొరపాటు మంచంలో ఉందంటే మంచం ఒక్కటే బాగుచేస్తాం. అమ్మలో ఉందంటే ఇవాళే అందరికీ ఫోన్ చేసి చెప్పాలి. మీకు కావలసిన ఆ ఒక్క వాక్యం అందుకే కదా? ఆ పిల్ల మీదికి తోసేస్తే ఇంకెవరికీ చెప్పక్కర్లేదు."

"అరవకు."

"నేను అరవడం లేదు."

"అరుస్తున్నావు. బయట అందరూ చూస్తున్నారు." ఆయన ఫోర్కు కింద పెట్టి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. జోడు లేని ఆ కళ్ళు అలిసిపోయి, చిన్నగా కనిపించాయి. "నాకు మాత్రం నిద్ర పట్టిందనుకుంటున్నావా? మా అలారాలు పిలిచి పిలిచి ఊరుకుంటాయండీ అని ఊరంతా ఫోన్లు చేస్తే రేపీ తలుపులు తెరుచుకుంటాయా? ఇంతమంది ఇళ్ళు దీని మీద నడుస్తున్నాయి. మంచం సంగతి ఇవాళ తేలుద్దాం. మిగతావి వచ్చే నెల అప్‌డేట్‌లో కలిపి పంపేద్దాం. ఎవరికీ తెలియకుండా సర్దుకుపోతుంది."

"బిడ్డల పెట్టెలు కూడా వచ్చే నెలేనా?"

"బిడ్డల వార్డులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. మంచంలా కాదు. ఆ పెద్ద నర్సుక్కూడా అదే చెప్పాను."

ఆయన జోడు పెట్టుకోబోయి ఆగాడు. బోర్డు పైన ఏసీ నుంచి ఒక నీటి చుక్క, కింద పెట్టిన ప్లాస్టిక్ మగ్గులో పడింది.

"ఏ పెద్ద నర్సు?" అంది ఆమె.

"ఏదో, అప్పుడెప్పుడో."

"ఎప్పుడు?"

"పోయిన నెల అనుకుంటా. ఇప్పుడదంతా ఎందుకు?"

"ఏమందావిడ?"

"రోజుకి ఎన్ని ఫోన్లు వస్తాయి, అన్నీ గుర్తుంటాయా? అదే ఆసుపత్రి, బిడ్డల వార్డు. పెట్టె మోగుతూ మోగుతూ మధ్యలో మానేస్తోందంది. బ్యాటరీ అయ్యుంటుందన్నాను."

"అనుకున్నారా, అన్నారా?"

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. గాజు గోడ అవతల ఎవరో టైపు చేయడం ఆపారు. "పోయిన నెలంటే మంచం మీది పెద్దాయన ఇంట్లో తిరుగుతూ ఉన్నాడు. అప్పటికే మీకు తెలుసు. మీరు పెట్టించిందే అది, అది ఎలా ఉంటుందో మీకొక్కరికే తెలుసు. ఆవిడ ఫోన్ చేసి అచ్చంగా అదే చెప్పింది. మీరు బ్యాటరీ అన్నారు. నిన్న ఆ కూతురు ఎవరు రాశారని అడిగితే, మీరు కూడా కిటికీ వైపు చూశారు బావగారూ. నేను మిమ్మల్నే చూస్తున్నాను అప్పుడు. ఆ పిల్ల వైపు చూశారు మీరు!"

ఇప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. తన తల తిరగలేదు. తను ఈయన ముఖమే చూస్తూ ఉండిపోయింది, ఈయన ఏదో ఒకటి అంటాడని ఎదురుచూస్తూ.

"మీ అక్కకి ఏం చెబుతావు?" అన్నాడు ఆయన నెమ్మదిగా. "నా ఇంట్లో పెరిగి..."

"అక్కకి మీరు చెప్పండి."

ఆమె సంచిలోంచి తన ఫోన్ తీసింది. ఆసుపత్రి నంబరు పొద్దున వచ్చిన కాల్‌లోనే ఉంది. నొక్కింది. ఆయన లేచాడు, బల్ల చుట్టూ వచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకోవాలనుకున్నాడేమో, మరదలి చెయ్యి పట్టుకోవడానికి చెయ్యి రాక, మధ్యలోనే నిలబడిపోయాడు. అవతల ఎవరో ఆడగొంతు. నెలలు నిండని బిడ్డల వార్డుకి కలపమంది ఆమె. లైను కలిసింది.

"బిడ్డల వార్డు." పెద్ద వయసు గొంతు, అలిసి, విసిగి ఉన్న గొంతు.

"పెద్ద నర్సుగారితో మాట్లాడాలండీ. మీ పెట్టెల అలారాలు మా ఆఫీసులోనే తయారవుతాయి."

"నేనే. బ్యాటరీలు మార్చామమ్మా. మీ సార్ చెప్పినట్టే రెండుసార్లు మార్చాం. ఇంకేం మార్చమంటారో అది కూడా చెప్పండి, గోడలు మార్చమంటే గోడలు మారుస్తాం."

"బ్యాటరీ కాదండీ. మీరు చెప్పిందే నిజం. కాసేపు మోగి, ఎవరూ రాకపోతే అది దానంతటదే ఊరుకుంటోంది. దాన్ని అలా రాశారు. మోత ఆగిందంటే బిడ్డ బాగున్నట్టు కాదు, ఎవరో వెళ్ళినట్టూ కాదు. ఈ క్షణం నుంచి దాన్ని నమ్మకండి. ప్రతి పెట్టె దగ్గరా ఒక మనిషిని నిలబెట్టండి."

అవతల ఊపిరి చప్పుడు వినిపిస్తోంది.

"ఇప్పుడు ఏదైనా మోగుతోందాండీ?"

"లేదు. అన్నీ నిశ్శబ్దంగానే ఉన్నాయి. ఇందాక ఆ చివరి పెట్టె మోగింది. నేను మందులు కలుపుతున్నాను. ఆగింది కదా, మా చిన్న నర్సు వెళ్ళి చూసిందేమోనని..."

గొంతు తెగిపోయింది. రిసీవర్ గట్టిగా దేనికో తగిలిన చప్పుడు. తర్వాత చెప్పులు, పరుగు, దూరమవుతున్న పరుగు.

బావగారు ఆమె ముఖం చూశాడు. "ఏమైంది?" అన్నాడు. "ఏమంటోంది?"

ఆమె ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, స్పీకర్ నొక్కి, రెండు డబ్బాల మధ్య నుంచి బల్ల మీద ఆయన ముందుకు జరిపింది.